ఫస్ట్ ఇంటర్వ్యూలో మావాడు ఎందుకు సైలెంట్ అయిపోయాడు?

ఈ రోజు ఎపిసోడ్ ఇంటర్ అయిపోయినవాళ్ల కోసం, డిప్లొమా, ఐటీఐ లాస్ట్ ఇయర్‌లో ఉన్నవాళ్ల కోసం. అంటే 18, 19 ఏళ్లకే ఫస్ట్ జాబ్ ఇంటర్వ్యూకి వెళ్లబోయేవాళ్ల కోసం. బీటెక్ క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ మీద వీడియోలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. షోరూమ్‌లో సేల్స్, హాస్పిటల్‌లో రిసెప్షన్, కాల్ సెంటర్, సూపర్ మార్కెట్ బిల్లింగ్, ఫ్యాక్టరీలో అప్రెంటిస్... వీటికి వెళ్లే పిల్లల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. నా తప్పే.

మా బాబాయి వాళ్లది మధిర దగ్గర ఊరు. వాళ్లబ్బాయి, అంటే నా తమ్ముడు, ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఆ ఏడాది బాబాయికి మిర్చి పూర్తిగా దెబ్బకొట్టింది. అప్పు ఉంది. "డిగ్రీ తర్వాత చూద్దాం, ముందు ఏదో ఒక జాబ్ చేస్తా" అన్నాడు వీడు. ఖమ్మంలో ఒక ఎలక్ట్రానిక్స్ షోరూమ్ నుంచి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో చెప్పవా?"

నేను ఆఫీసు పనిలో ఉన్నా. ఏం చేశానంటే, నా బీటెక్ టైంలో సీనియర్ ఇచ్చిన ఒక ఫైల్ ఉంటే అది వాట్సాప్‌లో పంపేసి "ఇది బట్టీ పట్టు రా" అన్నా. ఆ ఫైల్ మీకూ తెలిసే ఉంటుంది. "మైసెల్ఫ్ ఫలానా. ఐ యామ్ కమింగ్ ఫ్రం ఫలానా. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్. మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్. మై హాబీస్ ఆర్ లిజనింగ్ మ్యూజిక్ అండ్ ప్లేయింగ్ క్రికెట్." ఊరు పేరు ఒక్కటి మారుతుంది, మిగతాదంతా సేమ్. సీనియర్ నుంచి జూనియర్‌కి వారసత్వంగా వస్తున్న ఆస్తి అది.

వాడు వెళ్లాడు. "మై స్ట్రెంత్ ఈజ్" దాకా వచ్చి ఆగిపోయాడు. మేనేజర్ మంచాయనే. "పర్లేదు బాబూ, తెలుగులో చెప్పు" అన్నాడట. తెలుగులోనూ మాట రాలేదు. ఎందుకొస్తుంది? వాడు తీసుకెళ్లిన దాంట్లో వాడి గురించి చెప్పడానికి ఏమీ లేదు. తర్వాత ఆయన, "కస్టమర్ కోప్పడితే ఏం చేస్తావ్?" అని అడిగాడు. "సారీ చెప్తా సర్." "తర్వాత?" అంతే, సైలెన్స్. "సరే, ఫోన్ చేస్తాం" అన్నారు. ఆ ఫోన్ రాలేదు.

ఇంటికెళ్లి బాబాయితో "నాకు మాట్లాడటం రాదు నాన్నా, నీతో పొలానికే వస్తా" అన్నాడట. ఆ మాట బాబాయి నాకు ఫోన్‌లో చెప్పినప్పుడు నిజంగా సిగ్గేసింది. పొలం పని తక్కువని కాదు. ఉన్న మిర్చి తోటే వాళ్లని నిలబెట్టలేకపోతోంది, వీడేమో తనకి నోరు లేదని డిసైడైపోయాడు.

తర్వాతి వారం ఊరికెళ్లా. పొద్దున్నే వాడు ఇంట్లో లేడు. ఎక్కడున్నాడంటే పాల సెంటర్‌లో. పరీక్షలు అయినప్పటినుంచి రోజూ పొద్దున రెండు గంటలు అక్కడ కూర్చుని పాలు కొలిచి, ఫ్యాట్ మెషీన్ పెట్టి, స్లిప్పులు ఇస్తున్నాడు. నాకు ఆ సంగతే తెలీదు. అడగలేదు కాబట్టి తెలీదు. నేను వెళ్లేసరికి ఒక పెద్దాయన గొడవ పడుతున్నాడు. "నిన్న ఆరు పైన వచ్చింది, ఇవాళ అయిదేంటి? మెషీన్ మోసం చేస్తోంది" అని. గేదె పాలు కదా, రేటంతా ఫ్యాట్ మీదే ఉంటుంది, పాయింట్ తగ్గితే డబ్బులు తగ్గుతాయి. మావాడు ఎదురు మాట్లాడలేదు. "పెద్దయ్యా, నీ ముందే మళ్లీ పెడతా, చూడు" అని క్యాన్‌లో పాలు పైకీ కిందికీ బాగా కలిపి, కొత్తగా శాంపిల్ తీసి పెట్టాడు. పాలు కాసేపు కదలకుండా ఉంటే వెన్న పైకి తేలుతుంది. కలపకుండా తీస్తే రీడింగ్ తేడాగా వస్తుంది. ఈసారి కొంచెం పెరిగింది. ఆయన అనుకున్నంత కాదు, కానీ స్లిప్పు తీసుకుని సైలెంట్‌గా వెళ్లిపోయాడు.

నేను అడిగా, "ఒరేయ్, ఇంటర్వ్యూలో కోప్పడే కస్టమర్ గురించి అడిగితే ఇది ఎందుకు చెప్పలేదు?" వాడు నావైపు వింతగా చూశాడు. "ఇదేం ఉద్యోగం అన్నా? పాల సెంటర్ గురించి ఎవరైనా చెప్తారా?"

ఫ్రెండ్స్, సమస్యంతా ఇక్కడే ఉంది. మన దగ్గర చాలామంది పిల్లలకి చెప్పుకోవడానికి పని ఉంటుంది. అది పని అని ఎవరూ చెప్పి ఉండరు, అంతే. వినాయక చవితికి అరవై ఇళ్లు తిరిగి చందా వసూలు చేసి, నోట్‌బుక్‌లో లెక్క రాసి, నిమజ్జనం అయ్యాక మిగిలిన డబ్బులు అప్పజెప్పిన కుర్రాడు కూడా "ఎక్స్‌పీరియెన్స్ ఏమీ లేదు సర్" అంటాడు. అమ్మ కుట్టు మిషన్ పనికి ఆర్డర్లు ఫోన్‌లో తీసుకునే అమ్మాయిదీ అదే మాట.

ఇంకో కారణం కూడా ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల ముందు తక్కువ మాట్లాడితే బుద్ధిమంతుడు అంటారు. తల దించుకుంటే మర్యాద. ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో ఉంటే పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్స్ దాకా రాయడమే తప్ప మాట్లాడే పనే ఉండదు. నా సంగతి చెప్పాలంటే, ఇంటర్‌లో 1000కి 900 పైనే వచ్చినా, బీటెక్ ఫైనల్ ఇయర్‌లో మొదటి జామ్ రౌండ్‌లో, అదే, ఒక నిమిషం ఆగకుండా మాట్లాడమంటారు చూడండి, ఇరవై సెకన్లకే ఆగిపోయా. ఇంట్లో మర్యాద అనిపించిన ఆ సైలెన్సే ఇంటర్వ్యూలో "వీడికి ఇంట్రెస్ట్ లేదు" అన్నట్టు కనిపిస్తుంది. మీలో లోపం ఉందని కాదు, రూల్స్ మారాయి, ఆ సంగతి మీకెవరూ చెప్పలేదు.

సరే, మేం ఏం చేశామో చెప్తా. ఆ ఫైల్ డిలీట్ చేయించా. పాల సెంటర్ గొడవని నాలుగు ముక్కల్లో చెప్పమన్నా. ఎక్కడ, ఏం సమస్య వచ్చింది, నువ్వేం చేశావ్, చివరికి ఏమైంది. కార్పొరేట్ వాళ్లు దీన్నే స్టార్ మెథడ్ అని పెద్ద పేరుతో పిలుస్తారు. రచ్చబండ మీద మన తాతలు కథ చెప్పేదీ ఈ వరసలోనే.

మొదటిసారి ఫోన్‌లో వీడియో రికార్డ్ చేస్తే అయిదు నిమిషాలు వచ్చింది. పెద్దయ్య గారి అబ్బాయి పెళ్లి దాకా వెళ్లిపోయాడు. (నవ్వు) రెండోసారి మరీ ముప్ఫై సెకన్లు. ఆ వీడియో వాడికే చూపించా. చూసుకోవడం ఎవరికైనా ఇబ్బందే, నాకు ఇప్పటికీ ఇబ్బందే. కానీ వాడే కనిపెట్టాడు, ప్రతి వాక్యం చివర గొంతు తగ్గిపోతోందని, చెయ్యి మాటిమాటికీ జుట్టు మీదికి వెళ్తోందని. నేను చెప్తే వినేవాడు కాదేమో. వారం రోజులు, రోజుకి మూడు సార్లు. ఒకసారి అద్దం ముందు కాకుండా వాళ్లమ్మ ముందు చెప్పమన్నా. పిన్ని మధ్యమధ్యలో ప్రశ్నలు వేసింది, అదే బాగా పనికొచ్చింది. బట్టీ పట్టినవాడు మధ్యలో ప్రశ్న వస్తే పడిపోతాడు. జరిగింది చెప్పేవాడు పడిపోడు.

ఇంగ్లిష్ సంగతేంటి అంటారా? నేను అబద్ధం చెప్పను. ఇంగ్లిష్ కాల్ సెంటర్‌కి వెళ్తే ఇంగ్లిష్ కావాల్సిందే, దానికి నెలలు పడుతుంది. లోకల్ షోరూమ్‌లో కస్టమర్ తెలుగులోనే మాట్లాడతాడు. "సర్, తెలుగులో చెప్పొచ్చా?" అని అడగడం తప్పేం కాదు. రెండు వాక్యాలు చిన్న ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి తర్వాత అడిగితే ఇంకా బాగుంటుంది. ప్రశ్న అర్థం కాకపోతే "మళ్లీ ఒకసారి చెప్తారా సర్" అనండి. తెలియకపోతే "తెలియదు సర్, నేర్చుకుంటా" అనండి. తెలిసినట్టు నటిస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఇంకొకటి, చాలామంది ఇంటర్వ్యూ రూమ్ దాకా కూడా వెళ్లరు, ఫోన్‌లోనే పోతుంది. అప్లై చేశాక తెలియని నంబర్ నుంచి కాల్ వస్తే అది కంపెనీ కావచ్చు. "ఆఁ, ఎవరు?" అని ఎత్తకండి. "హలో, నమస్తే" అని మీ పేరు చెప్పండి. బస్సులో ఉంటే "సర్, ఇక్కడ సౌండ్ ఎక్కువ ఉంది, పది నిమిషాల్లో నేనే చేయొచ్చా?" అని అడిగి, నిజంగా పది నిమిషాల్లో చేయండి. ప్రాక్టీస్‌లో నేనే కొత్త నంబర్ నుంచి మావాడికి రెండుసార్లు చేశా. మొదటిసారి బూతు తిట్టాడు.

కొందరు "అన్నా, నేను గవర్నమెంట్ జాబ్‌కే ప్రిపేర్ అవుతున్నా, నాకెందుకు ఇదంతా" అంటారు. కరెక్టే, కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి లాంటి పోస్టులకి 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసేశారు. పోస్టాఫీసు జీడీఎస్‌కి పదో తరగతి మార్కుల మీదే సెలక్షన్. కానీ నోటిఫికేషన్ వచ్చి, రిజల్ట్ వచ్చేలోపు ఇంట్లో గడవాలి కదా.

డబ్బు గురించి మాత్రం గట్టిగా చెప్తా. జీతం అడగడానికి మొహమాటపడకండి. చేతికి ఎంత వస్తుంది, పీఎఫ్ కట్ అవుతుందా, వీక్లీ ఆఫ్ ఉందా, ఎన్ని గంటలు, ఇవి చివర్లో మర్యాదగా అడగాల్సినవే. అదే వాళ్లు మీ దగ్గర డబ్బులు అడిగితే, రిజిస్ట్రేషన్ అనో, యూనిఫామ్ అనో, ట్రైనింగ్ డిపాజిట్ అనో, లేచి వచ్చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్స్ వాళ్ల బీరువాలో పెట్టి రావద్దు. రేపు డిగ్రీలో చేరాలన్నా, ఇంకో జాబ్‌కి వెళ్లాలన్నా అవి కావాలి.

మావాడు రెండో ఇంటర్వ్యూకి వేరే షోరూమ్‌కి వెళ్లాడు. పాల సెంటర్ కథ చెప్పాడు, బాగానే చెప్పానన్నాడు. తీసుకోలేదు, బైక్ లైసెన్స్ ఉన్నవాడు కావాలన్నారట. ఈసారి మాత్రం పొలానికి వస్తానని అనలేదు. మూడోదాంట్లో వచ్చింది, ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ అమ్మే చోట. అక్కడి మేనేజర్ వాళ్లింట్లోనూ గేదెలు ఉన్నాయట, ఫ్యాట్ గురించే పది నిమిషాలు మాట్లాడుకున్నారట. అదృష్టం కూడా ఉండాలి, కాదనను.

ఈ ఎపిసోడ్ చేసే ముందు, నీ గురించి చెప్పనా అని అడుగుదామని మొన్న వాడికి ఫోన్ చేశా. "చెప్పుకో అన్నా, పేరు మాత్రం వద్దు. కౌంటర్ దగ్గర ఉన్నా, రాత్రికి చేస్తా" అని పెట్టేశాడు.

సరే ఫ్రెండ్స్, వచ్చే వారం రెజ్యూమే గురించి మాట్లాడుకుందాం. ఒక్క పేజీ చాలు, ఎందుకో అప్పుడు చెప్తా. ఉంటా, బై.