వజ్రమునకు మెఱుపు ఎక్కడిది?

తరగతిలో కాంతినిగూర్చి పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి మమ్ము ఇట్లడిగెను: “అయ్యా, కోహినూరు వజ్రమును ఇంగ్లండునకు కొనిపోయిన పిదప దానిని సగమువఱకు అరగదీసిరట. అంత గొప్ప రాతిని ఏల చెడగొట్టిరి?” ప్రశ్న చరిత్రకు సంబంధించినదే. కాని దాని జవాబు మేమానాడు చెప్పుచున్న పాఠములోనే యున్నది. గంట కొట్టుటచే ఆ దినమున చెప్పజాలనిదానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

కోహినూరు మన కృష్ణానదీ తీరమునందలి కొల్లూరు గనిలో దొరకినదని పరంపరగా చెప్పుదురు. అనేక రాజుల చేతులు మాఱి, 1849లో పంజాబు బ్రిటిషువారి వశమైనప్పుడు, అది బాలుడైన మహారాజా దులీపుసింగు నుండి గైకొనబడి విక్టోరియా రాణికి చేరెను. 1851లో లండను నగరమున జరిగిన మహా ప్రదర్శనమునందు దానినుంచిరి. లోకప్రసిద్ధమైన రత్నమని జనులు గుంపులు గుంపులుగా వచ్చి చూచిరి. చూచి నిరాశతో మరలిరి. చుట్టును గ్యాసు దీపములు అమర్చినను అది వారనుకొన్నట్లు మెఱయలేదు. అప్పటి దాని బరువు 186 పాత క్యారట్లు, అనగా నేటి లెక్కను సుమారు 191 క్యారట్లు. అంత పెద్ద వజ్రము గాజుముక్కవలె కనబడుటకు కారణమేమి?

ఇంటివద్ద ఒక చిన్న ప్రయోగము చేయుడు. గాజు గ్లాసులో నీరుపోసి, దానిని కంటికంటె కొంచెము ఎత్తున పట్టి, ప్రక్కనుండి నీటి పైతలము యొక్క అడుగువైపును చూడుడు. అది వెండిరేకువలె మెఱయుచుండును. నీటిలోనుండి గాలిలోనికి పోవలసిన కాంతి మిక్కిలి ఏటవాలుగా వచ్చుటచే బయటికి పోజాలక, అద్దమునుండి వలె లోపలికే తిరిగి వచ్చుచున్నది. దీనినే సంపూర్ణాంతర పరావర్తనమందురు. తలమునకు లంబముగా నున్న గీతనుండి కొలిచినప్పుడు, ఏ కోణము దాటిన కాంతి బయటికి పోజాలదో దానికి సందిగ్ధకోణమని పేరు. నీటికది సుమారు 49 డిగ్రీలు; సాధారణమైన గాజునకు సుమారు 42; వజ్రమునకు 24 డిగ్రీలకు కొంచెము పైన మాత్రమే. కావున వజ్రములో ప్రవేశించిన కాంతి బయటికి వచ్చుటకు ద్వారము మిక్కిలి ఇఱుకైనది. సాన పట్టువాడు ఆ ద్వారము రాతి అడుగున గాక, చూచువాని కంటికెదురుగా ఉండునట్లు పలకలను తీర్పవలెను. ఇదియే వజ్రపు కోతలోని రహస్యము.

నేడు వాడుకలోనున్న గుండ్రని కోతలో నడుమునకు పైన 33, క్రింద 24, మొత్తము 57 పలకలుండును. క్రిందిభాగపు పలకలు సుమారు 41 డిగ్రీల వాలుతో నున్నవనుకొనుడు. పైనుండి నిట్టనిలువుగా దిగిన కిరణము మొదటి పలకను 41 డిగ్రీల కోణమున తాకును. అది 24 కంటె ఎక్కువ గనుక బయటికి పోక, ఎదుటి పలకకు మరలును. అచ్చటి కోణము 57. అచ్చటనుండియు మరలి, పైపలకగుండ వెలుపలికి వచ్చి మన కంటిని చేరును. వాలు 52 డిగ్రీలైనచో రెండవ పలకయొద్ద కోణము 24 మాత్రమే యగును; కాంతి అచ్చటనే అడుగుగుండ జారిపోవును. అట్టి రాతి నడుమ చీకటి కనబడును. అడుగు చదునైనచో కిరణము నేరుగా ఇటునుండి అటు పోవును. కిటికీ అద్దములోనుండి చూచినట్లు రాతి వెనుకనున్నది కనబడును. లోతెక్కువైనను తక్కువైనను నష్టమే.

మెఱుపుతోబాటు రంగుల జ్వాలయు కలదు. వజ్రము తెల్లని వెలుగును ఏడు రంగులుగా విడదీయుటలో గాజును మించినది. ఎగువనున్న ఏటవాలు పలకలగుండ కాంతి వెలువడునప్పుడు ఈ రంగులు విడిపడి కనబడును. పైపలక మిక్కిలి వెడల్పయినచో ఏటవాలు పలకలకు చోటు చాలక జ్వాల తగ్గును. మిక్కిలి చిన్నదైనచో తెల్లని వెలుగు తగ్గును.

ఇక కోహినూరు మాటకు వత్తము. పూర్వపు కోతలో దాని అడుగు చదునుగా, పైభాగము గుబ్బవలె ఎత్తుగా నుండెను. కనుకనే కాంతి అడుగుగుండ పోయినది. దీనినిబట్టి మన పూర్వపు పనివారు తెలివిలేనివారని తలపరాదు. రాతి గొప్పతనమును బరువునుబట్టి యెంచిన కాలమది. కావున వారు బరువును కాపాడి, ఉపరితలమును మాత్రము నునుపుచేసిరి. తమకు ఒప్పగింపబడిన పనిని వారు చక్కగానే నెరవేర్చిరి. వారి లక్ష్యము వేఱు.

1852 జూలైలో ఆంస్టర్డామునుండి వచ్చిన పనివారు లండనులో కోత నారంభించిరి. వెల్లింగ్టను ప్రభువు మొదటిసారి రాతిని చక్రమునకు తాకించెను. వజ్రమును వజ్రమే అరగదీయును గనుక, ఇనుప చక్రమునకు వజ్రపు పొడిని నూనెతో కలిపి పూయుదురు. 38 దినములు పని జరిగెను. ఎనిమిదివేల పౌనులు వ్యయమయ్యెను. తుదకు మిగిలినది 105.6 క్యారట్లు. నూటికి నలుబదికి పైగా పొడియైపోయినది! మెఱుపు హెచ్చినమాట నిజమే. అయినను బరువింతగా తగ్గినందుకు రాణి భర్తయగు ఆల్బర్టు ప్రభువు అసంతుష్టుడయ్యెను. అంతేగాక, అడుగు మొనను వెడల్పుగా విడిచినందున, ఎదుటనుండి చూచినప్పుడు నడుమ నల్లని రంధ్రమువలె నేటికిని కనబడును. ఇంత నష్టపడియు కోత నిర్దోషము కాలేదు. ఏలయన నాటి పనివారికి కంటి అనుభవమే ఆధారము. 1919లో మార్సెల్ టోల్కౌస్కీ యను యువకుడు లండనులో ఒక గ్రంథము ప్రకటించి, ఏ కోణముల వలన వెలుగును రంగును సమతూకముగా లభించునో గణితముచే చూపెను. అడుగునకు 40.75, పైభాగమునకు 34.5 డిగ్రీలని ఆయన నిర్ణయము. ఒకే కొలత గాక, ఒకదానికొకటి ఒప్పు కొలతలు పెక్కులు కలవని తరువాతివారు కనుగొనిరి.

కావున ఆ విద్యార్థికి మా జవాబిది: రాతిని చెడగొట్టవలెనని కోయలేదు, వెలిగింపవలెననియే కోసిరి. కాని అవసరమైన లెక్క తెలియకముందే కోసిరి. పోయిన రాయి మరల అతుకదు. ఇంటిలో ఎవరైన రవ్వలు కొన దలచినప్పుడు బరువును మాత్రమే అడుగక, కోత యెట్టిదో అడుగుమని చెప్పుడు. అంగడివాని దీపముల క్రిందనేగాక పగటివెలుగునందును చూడుమనుడు. ఒకే బరువుగల రెండు రాళ్లలో ఒకటి తన బరువును అడుగున దాచుకొని చిన్నదిగా, మసకగా కనబడవచ్చును.

ఇది వ్రాయుచుండగా మా వృత్తియే మాకు తలపునకు వచ్చినది. మా చేతికి ఏటేట పిల్లలు వత్తురు. వారికి వెలుగు మేమిచ్చునది కాదు; అది పైనుండి వచ్చునది. అది వారిలో ప్రవేశించి నలుగురి కన్నులకు మరలునట్లు తీర్చుటయే మా పని. ఆ పనిలో తొందరపడినచో ఏమగునో కోహినూరు నడుమనున్న నల్లని మచ్చ చెప్పుచున్నది. ఆనాడు ప్రశ్న వేసిన విద్యార్థికి మేము కృతజ్ఞులము.