లీటరు పెట్రోలులో 440 గ్రాముల బియ్యం

కోల్‌కతాలో నేతాజీ భవన్ మెట్రో స్టేషన్ మెట్లెక్కి పైకొస్తే భవానీపూర్. పక్కనే జదుబాబు బజార్. చేపలు, కూరగాయలు, కిరాణా, బియ్యం కొట్లు. ఆశుతోష్ ముఖర్జీ రోడ్డు మీద బస్సులు, స్కూటర్లు, ఇంకా అక్కడక్కడ మిగిలిన పసుపు ట్యాక్సీలు. ఇప్పుడు ఈ రోడ్డు మీద నడిచే పెట్రోలు బండి ట్యాంకులో ఐదో వంతు పెట్రోలు కాదు, ఇథనాల్. దాన్ని చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, బియ్యం నుంచి తీస్తారు. బజారులోని బస్తాకీ రోడ్డు మీది ట్యాంకుకీ ఈ చుట్టరికం ఎలా కలిసిందో, అందువల్ల మనకు ఒరిగిందెంతో లెక్కేసి చూడాలి.

పెట్రోలులో ఇంకేదైనా కలపడం కోల్‌కతాకు కొత్త కాదు. ఒకప్పుడు ఇక్కడి ఆటోలు కిరోసిన్ కలిపిన పెట్రోలుతో నడిచేవి. దాన్ని ‘కాటా తేల్’ అనేవారు. ఆ పొగ భరించలేక జనం కోర్టుకెక్కారు. కలకత్తా హైకోర్టు 2008లో ఇచ్చిన ఆదేశంతో 2009లో పాత టూ-స్ట్రోక్ ఆటోలు తప్పుకొని ఎల్పీజీ ఆటోలు వచ్చాయి. అప్పటి కలపడం దొంగచాటు కల్తీ, ఇప్పటిది ప్రభుత్వ విధానం.

ఆ విధానం 2003 జనవరిలో 9 రాష్ట్రాలు, 4 కేంద్రపాలిత ప్రాంతాల్లో 5 శాతం మిశ్రమంతో మొదలైంది. పదేళ్లు నత్తనడక నడిచింది. 2013-14లో కలిపింది 38 కోట్ల లీటర్లు, అంటే 1.53 శాతం. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి 20 శాతం లక్ష్యం పెట్టింది. 2022 జూన్‌లో ఆ గడువును 2025-26కు ముందుకు జరిపారు. 10 శాతం మైలురాయి దాటింది కూడా ఆ నెలలోనే. 2023-24లో 707 కోట్ల లీటర్లు కలిపితే వాటా 14.6 శాతానికి చేరింది. 2025 నాటికి పంపుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం కలిసిన ఈ20.

ఇంత త్వరగా పెరగడానికి చెరకు ఒక్కటే చాలలేదు. వర్షాలు తగ్గి పంచదారకు కటకట వచ్చినప్పుడు ప్రభుత్వం ధాన్యం వైపు తిరిగింది. ఇప్పుడు ఇథనాల్‌కు అతిపెద్ద ముడిసరుకు మొక్కజొన్న. ధాన్యాల్లో దాని తర్వాతివి బియ్యం, నూకలు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2021 సెప్టెంబరులో ఇథనాల్ విధానం ప్రకటించినప్పుడు నూకల మీదే ఆశ పెట్టుకుంది. 1,500 కోట్ల పెట్టుబడి వస్తుందంది. వరి పండే రాష్ట్రానికి అది సహజమైన ఆలోచనే. బెంగాలీలు ‘ఖుద్’ అనే ఈ నూకలు మిల్లు ఆడిన ప్రతిచోటా మిగులుతాయి.

తయారీ పద్ధతి మన వంటింటి పులియబెట్టడం లాంటిదే. గింజను పిండి చేసి ఉడికిస్తారు. ఎంజైములు వేస్తే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఈస్ట్ దాన్ని పులియబెట్టి ఆల్కహాల్ చేస్తుంది. దాన్ని కాచి ఆవిరి పట్టి, నీరంతా తీసేస్తే ఇథనాల్. మిగిలిన పిప్పి పశువుల దాణాకు పోతుంది.

టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అంటే లీటరుకు 2.2 కిలోల బియ్యం. లీటరు ఈ20లో ఉండేది 200 మిల్లీలీటర్లు కాబట్టి, ఆ ఇథనాల్ బియ్యం నుంచి వచ్చినదైతే లీటరుకు 440 గ్రాములు. 11 లీటర్లు పట్టే బైకు ట్యాంకు నింపితే 4.8 కిలోలు. ఆహార భద్రత చట్టం కింద ఒక మనిషికి నెలకు ఇచ్చే రేషను 5 కిలోలు.

ఈ పోలిక రాస్తున్నప్పుడు నాకు సులువుగా లేదు. ప్రభుత్వ గోదాముల్లో బియ్యం నిల్వలు అవసరానికి మించి పేరుకున్న మాట నిజం. ముక్కిపోయే బియ్యాన్ని వాడుకోవడంలో తప్పు లేదు. కానీ ఏ ధరకు? 2024-25 ఇథనాల్ సంవత్సరానికి కేంద్రం 52 లక్షల టన్నుల బియ్యాన్ని కిలో 22 రూపాయల 50 పైసల చొప్పున డిస్టిలరీలకు కేటాయించింది. కొనడం, నిల్వ, రవాణా కలిపి భారత ఆహార సంస్థకు కిలో బియ్యం సుమారు 40 రూపాయలు పడుతుంది. తేడా కిలోకు పదిహేడున్నర. లీటరు ఇథనాల్‌కు 38 రూపాయలపైనే. ఈ ఖర్చు పంపు దగ్గర బిల్లులో కనిపించదు, ఖజానా భరిస్తుంది. ఆ 52 లక్షల టన్నులతో 8 కోట్ల 66 లక్షల మందికి ఏడాదంతా రేషను ఇవ్వొచ్చు. 2011 లెక్కల ప్రకారం పశ్చిమ బెంగాల్ జనాభా 9 కోట్ల 13 లక్షలు.

లాభాల వైపు కూడా పెద్ద అంకెలే ఉన్నాయి. 2014-15 నుంచి 2025 జూలై వరకు 1.44 లక్షల కోట్ల రూపాయల విదేశీ మారకం మిగిలిందని, 736 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గిందని కేంద్రం చెప్పింది. చెరకు రైతుల బకాయిలు త్వరగా తీరడానికి ఇథనాల్ డబ్బు పనికొచ్చింది. ఇది చిన్న మేలు కాదు.

ఇక మైలేజీ. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులే. అందుకే ఈ20లో మొత్తం శక్తి 6-7 శాతం తగ్గుతుంది. పాత డిజైను కార్లలో మైలేజీ 6-7 శాతం, బైకుల్లో 3-4 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. ఈ20 కోసమే తయారైన ఇంజన్లలో నష్టం తక్కువ. ఇథనాల్ చవకైనదీ కాదు. 2025 జూలై చివరికి రవాణా, జీఎస్టీ కలిపి సగటున లీటరు 71 రూపాయల 32 పైసలకు ఆయిల్ కంపెనీలు కొన్నాయి. అందుకే వాహనదారుడికి రాయితీ దక్కలేదు. 2025లో కోల్‌కతాలో లీటరు పెట్రోలు ధర 105 రూపాయలు దాటే ఉంది.

మరి గాలికి ఎంత మేలు? 20 శాతం కలిపితే 20 శాతం కార్బన్ తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఈ20 ఇచ్చే శక్తిలో ఇథనాల్ వాటా 14 శాతమే. పొలం నుంచి పొగగొట్టం దాకా లెక్కిస్తే చెరకు ఇథనాల్ పెట్రోలు కంటే 65 శాతం, మొక్కజొన్నది 50 శాతం తక్కువ ఉద్గారాలు ఇస్తుందని ప్రభుత్వమే చెబుతోంది. ఆ అంకెలనే యథాతథంగా తీసుకున్నా, కిలోమీటరుకు తగ్గేది 7 నుంచి 9 శాతం.

దీని పక్కన ఇంకో లెక్క పెడదాం. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే పెట్రోలు స్కూటర్ వంద కిలోమీటర్లకు సుమారు 5 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. విద్యుత్ స్కూటర్‌కు అదే దూరానికి 3 యూనిట్లు చాలు. మన కరెంటులో బొగ్గే ఎక్కువ, యూనిట్‌కు 0.7 కిలోలు వేసుకున్నా 2.1 కిలోలే. సగానికి పైగా తగ్గింది, అదీ గింజ బియ్యం ముట్టకుండా.

గింజ ముట్టని దారి మన తెలుగు నేల మీద ఎప్పుడో కనిపించింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గిరిజన మహిళా సంఘాలు కానుగ చెట్లు నాటి, నూనె తీశాయి. డీజిల్ బదులు ఆ నూనె వాడితే పదేళ్లలో తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. కోల్‌కతాలో 2017 మార్చిలో ఒక ప్రైవేటు సంస్థ పేడ గ్యాస్‌తో ఉల్టాడాంగా నుంచి గరియాకు బస్సు నడిపింది. టికెట్టు రూపాయి. వ్యర్థాల నుంచి గ్యాస్ తీసే 5,000 ప్లాంట్లు 2023కల్లా రావాలని కేంద్రం 2018లో అనుకుంది. అందులో పదో వంతు కూడా రాలేదు. జదుబాబు బజార్ లాంటి ప్రతి మార్కెట్టూ రోజూ పారేసే కుళ్లిన కూరగాయలు ఆ ప్లాంట్లకు ముడిసరుకే. ధాన్యం డిస్టిలరీలకు చూపిన తొందర ఇక్కడెందుకు చూపలేదు? నాకు ఇదే అన్నిటికంటే బాధ కలిగించే లోటు. పైగా ఆ తొందర అందరికీ నచ్చిందీ లేదు. డిస్టిలరీల వల్ల నీళ్లు, గాలి పాడవుతాయని నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం 2024 నవంబరులో రోడ్డెక్కితే అక్కడి ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు ఆపాల్సి వచ్చింది.

ఇథనాల్‌ను మానేయమని నేను అనను. మొలాసిస్, పాడైన గింజ, గడ్డి నుంచి ఎంత వస్తే అంత కలపాలి. మంచి బియ్యాన్ని దాదాపు సగం ధరకు ఇచ్చి శాతం పెంచుకోవడం మాత్రం ఆపాలి. పంపు దగ్గర పాత బండ్లకు 10 శాతం మిశ్రమం కూడా దొరకాలి.

మీ బండి 2023 ఏప్రిల్‌కు ముందుదైతే రబ్బరు గొట్టాలు, సీళ్లు ఒకసారి మెకానిక్‌కు చూపించండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో బండిని నెలల తరబడి కదపకుండా ఉంచకండి. భవానీపూర్ వాసులకైతే ఇంకో దారి కాళ్ల కిందే ఉంది. దేశంలో తొలి మెట్రో 1984 అక్టోబరు 24న నడిచింది ఇక్కడికీ ఎస్ప్లనేడ్‌కూ మధ్యనే. దూరం 3.4 కిలోమీటర్లు, టికెట్టు 10 రూపాయలు.