కుటుంబ చరిత్ర పరిశోధనలో స్థానిక రికార్డులు: పామర్రు ప్రాంత పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక కుటుంబ చరిత్రను నిర్మించడానికి ఇంటిపేరు, గోత్రం, పెద్దల జ్ఞాపకాలు మాత్రమే చాలవు. రెవిన్యూ, రిజిస్ట్రేషన్, జనన మరణ నమోదు రికార్డులు ఆ జ్ఞాపకాలకు కాలాన్నీ స్థలాన్నీ జోడిస్తాయి. కృష్ణాజిల్లా పామర్రు ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ రికార్డుల స్వభావాన్ని, చదివే పద్ధతిని, పరిమితులను వివరించడం ఈ వ్యాస లక్ష్యం. భూమిలేని కుటుంబాలు, స్త్రీలు వీటిలో అరుదుగా కనిపించడానికి గల కారణాలనూ, వారి చరిత్రకు మిగిలిన ఆధారాలనూ ప్రత్యేకంగా పరిశీలించడమైనది.

కీలకపదాలు: కుటుంబ చరిత్ర, పామర్రు, ఇనాం రిజిస్టరు, అడంగల్, దస్తావేజు, కరణం.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట వంశచరిత్రకు శాసనాలు, కావ్యావతారికల్లోని వంశవర్ణనలు, ఆశ్రిత కులాల మౌఖిక సంప్రదాయం చిరకాలంగా ఆధారాలు. పిచ్చుకుంట్లవారు తమ దాతృకులాల గోత్రాలను, ఇంటిపేర్లను నోటికి చెప్పే సంప్రదాయం జానపద విజ్ఞాన పరిశోధకులకు సుపరిచితమే. ఇవన్నీ వంశకీర్తిని నిలపడానికి పుట్టినవి. ప్రభుత్వ రికార్డు శిస్తు వసూలుకు, ఆస్తి హక్కు నిర్ధారణకు పుట్టింది. అందువల్ల మనిషికి భూమితోనో ప్రభుత్వంతోనో సంబంధం ఏర్పడిన సందర్భంలోనే అది అతని పేరు చెబుతుంది. పరిశోధకుడు మొదట గుర్తించవలసినది ఈ స్వభావాన్నే.

2. పరిపాలనా విభాగాల మార్పు

రికార్డు ఎక్కడ లభిస్తుందో తెలియాలంటే గ్రామం ఏ కాలంలో ఏ విభాగంలో ఉన్నదో తెలియాలి. 1859లో కృష్ణాజిల్లా ఏర్పడక ముందు ఈ ప్రాంతం మచిలీపట్నం జిల్లాలోనిది.  ఇప్పుడు పామర్రు మండలంలో ఉన్న నిమ్మకూరు పూర్వం గుడివాడ తాలూకా గ్రామం. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి.

అంతకు ముందే 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. తరతరాలుగా కరణాల ఇళ్ళలో ఉన్న గ్రామలెక్కలు ప్రభుత్వ కార్యాలయాలకు చేరవలసివచ్చింది. ఆ నిర్ణయం తీసుకొన్న ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు స్వగ్రామం నిమ్మకూరే. లెక్కలతోపాటు, వాటిలోని పేర్ల వెనుక ఉన్న బంధుత్వాలు తెలిసిన మనుషులు కూడా ఆనాటితో వ్యవస్థకు దూరమయ్యారు.

3. ప్రధాన రికార్డులు

3.1 ఇనాం రిజిస్టర్లు: 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారుచేసిన రిజిస్టర్లలో మూల ప్రతిగ్రహీత పేరు, నాటి అనుభవదారుల పేర్లు, వయస్సులు, మూలపురుషునితో వారి సంబంధం నమోదయ్యాయి. అర్చక, కరణ, గ్రామసేవక కుటుంబాలకు 1860ల నుంచి వెనక్కి రెండు మూడు తరాలు పోవడానికి ఇంతకంటె మంచి ఆధారం అరుదు.

3.2 రెవిన్యూ లెక్కలు: రీసెటిల్మెంటు రిజిస్టరు (ఆర్.ఎస్.ఆర్.) సర్వే నంబరువారీగా విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు చెబుతుంది. అడంగల్ ఏటేటా సాగు వివరాలనిస్తుంది. అయితే పట్టాదారు మరణించినా పేరు మారకపోవడం సాధారణం కనుక పట్టాలో పేరున్నంతమాత్రాన ఆ మనిషి జీవించి ఉన్నట్లు కాదు. దేవరకోట (చల్లపల్లి), ఉయ్యూరు వంటి జమీందారీ గ్రామాల్లో 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతనే రైత్వారీ పట్టాలు వచ్చాయి. అంతకు ముందటి కాలానికి జమీందారీ లెక్కలను చూడాలి.

3.3 దస్తావేజులు: సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోని ఒకటవ పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజులు, మూడవ పుస్తకంలో వీలునామాలు నకలు చేయబడతాయి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం ఒకటవ పుస్తకాన్ని రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. భాగపరిష్కార దస్తావేజు ఒక్కటి దొరికితే అన్నదమ్ములందరి పేర్లూ తండ్రి పేరుతో సహా తెలుస్తాయి. హద్దుల్లోని పేర్లను విస్మరించరాదు. పొరుగు పొలం తరచుగా జ్ఞాతిదే అవుతుంది.

సమీపంలోని కూచిపూడి ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. అక్కడి కళాకారుల ఇంటిపేర్ల చరిత్రకు 1763 నాటి ఆస్తి పంపకాల పత్రమే ముఖ్యాధారమైంది. నాట్యంతో సంబంధంలేని ఒక ఆస్తిపత్రం నాట్యచరిత్రకు ఆధారం కావడం గమనార్హం.

3.4 జనన మరణ రిజిస్టర్లు: 1899 మద్రాసు చట్టం, ఆ తరువాత 1969 కేంద్ర చట్టం కింద ఇవి నిర్వహింపబడ్డాయి. పాత నమోదుల్లో శిశువు పేరు తరచుగా ఉండదు. కనుక తండ్రి పేరు, తేదీ ఆధారంగా వెతకాలి.

4. పఠన పద్ధతి

వర్తమానం నుంచి గతానికి ఒక్కొక్క తరంగా వెళ్ళడం క్షేమం. రెవిన్యూ లెక్కల్లోని ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ ఆరంభమైన క్రీస్తుశకం వస్తుంది. అది జూలై 1న మొదలవుతుంది. ఉదాహరణకు 1330 ఫసలీ 1920 జూలైలో ఆరంభమైంది. మనుమడికి తాత పేరు పెట్టే ఆచారం వల్ల ఇద్దరు ఒకరుగా భ్రమ కలుగుతుంది. తండ్రి పేరు, సర్వే నంబరు కలిపి చూస్తే ఈ చిక్కు తీరుతుంది. దత్తత వల్ల ఇంటిపేరు మారిన సందర్భాలనూ గమనించాలి.

మౌఖిక కథనాన్ని రికార్డుతో సరిచూడాలి. ‘ఉప్పెన తరువాత ఈ ఊరు వచ్చాం’ అని ఒక కుటుంబం చెప్పుకొంటే, అది 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనో, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనో పట్టా, దస్తావేజుల తేదీలను బట్టి తేల్చుకోవచ్చు.

5. రికార్డుల్లో కనిపించనివారు

భూమి రికార్డును మాత్రమే నమ్మితే కుటుంబ చరిత్ర పట్టాదారుల చరిత్రగా మిగిలిపోతుంది. డెల్టా పొలాల్లో తరతరాలుగా పనిచేసిన వ్యవసాయ కూలీలు, పాలేర్లు, నోటిమాటపై సాగుచేసిన కౌలుదారులు అందులో ఉండరు. దళిత కుటుంబాలు అనేకం భూమి లెక్కల్లోకి ప్రవేశించింది దరఖాస్తు (డి.కె.టి.) పట్టాలతో, ఇళ్ళస్థలాల పట్టాలతోనే. అంతకు ముందటి కాలానికి బడి ప్రవేశ రిజిస్టర్లు, మరణ నమోదులు, చర్చి బాప్తిస్మ రిజిస్టర్లు ఆధారం. బందరులో చర్చి మిషనరీ సొసైటీ పని 1841లో మొదలైంది. బాప్తిస్మంలో పొందిన పేరు, బడిలోని పేరు వేరువేరుగా ఉండవచ్చు కనుక రెండింటినీ జతపరచి చదవాలి.

స్త్రీలు పసుపు కుంకుమ కింద భూమి ఇచ్చిన దఖలు దస్తావేజుల్లో, వితంతువులుగా పట్టా పొందిన సందర్భాల్లో కనిపిస్తారు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన హిందూ వారసత్వ చట్ట రాష్ట్ర సవరణ అప్పటికి అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో హక్కునిచ్చింది. ఆ తేదీకి ముందూ తరువాతా జరిగిన భాగపరిష్కారాలను పోల్చి చూడడం ప్రత్యేక పరిశోధనకు తగిన అంశం.

6. ముగింపు

• స్థానిక రికార్డు వంశవృక్షాన్ని సిద్ధంగా అందించదు. ఇనాం రిజిస్టరు, పట్టా, దస్తావేజు, జనన మరణ నమోదులను కలిపి చదివినప్పుడే బంధుత్వం రుజువవుతుంది.

• 2020 డిసెంబరులో రాష్ట్రంలో ఆరంభమైన రీసర్వే వల్ల, అది పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో కొత్త నంబర్లు వచ్చాయి. పాత, కొత్త నంబర్ల పట్టికను భద్రపరచుకోకపోతే తాతల దస్తావేజులకూ నేటి పొలాలకూ మధ్య లంకె తెగిపోతుంది.

• పట్టాలేని కుటుంబాల విషయంలో మౌఖిక ఆధారాలను అనుబంధంగా కాక ప్రధానాధారంగా స్వీకరించాలి. ఆ జ్ఞాపకాలు కలిగిన తరం ఉండగానే వాటిని సేకరించడం ఈ ప్రాంత కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు చేపట్టవలసిన పని.