ఆతిథేయ కణంలో సంకేతరహిత ఆర్‌.ఎన్‌.ఏ.పై వైరస్ ప్రభావం: హెపటైటిస్-సి ఉదాహరణ

1. పరిచయం:
కణంలో తయారయ్యే ఆర్‌.ఎన్‌.ఏ. అంతా ప్రోటీన్ల నిర్మాణానికి ఉపయోగపడదు. ప్రోటీన్ సంకేతం లేని అణువులను ‘సంకేతరహిత ఆర్‌.ఎన్‌.ఏ.’లు అంటారు. ఈ పేరు లోపాన్ని సూచిస్తున్నప్పటికీ, వీటిలో అనేకం జన్యువులను అదుపుచేసే నియంత్రకాలు. సుమారు 22 న్యూక్లియోటైడ్ల పొడవుండే మైక్రో ఆర్‌.ఎన్‌.ఏ.లు ఈ కోవకు చెందినవి. 1993లో సి. ఎలిగాన్స్ అనే సూక్ష్మ నులిపురుగులో మొదటి మైక్రో ఆర్‌.ఎన్‌.ఏ. వెల్లడైంది. ఈ ఆవిష్కరణకు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి లభించింది. వైరస్ ప్రవేశించినప్పుడు ఈ నియంత్రణ ఎలా మారుతుందో హెపటైటిస్-సి ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సహజ ధర్మం:
కాలేయ కణాలలో మైక్రో ఆర్‌.ఎన్‌.ఏ.-122 అత్యంత సమృద్ధిగా ఉంటుంది. ఇది ఆర్గొనాట్ అనే ప్రోటీన్‌తో కలిసి, సాధారణంగా సందేశ ఆర్‌.ఎన్‌.ఏ. చివరిభాగానికి అతుక్కుంటుంది. దానివల్ల ఆ సందేశం క్షీణిస్తుంది. ప్రోటీన్ ఉత్పత్తి తగ్గుతుంది.

3. వైరస్ చేతిలో విపర్యయం:
హెపటైటిస్-సి జన్యుపదార్థం సుమారు 9,600 న్యూక్లియోటైడ్ల ఏకపోగు ఆర్‌.ఎన్‌.ఏ. కణంలోని సందేశ ఆర్‌.ఎన్‌.ఏ.లకు మొదటి కొసన ఉండే రక్షక తొడుగు దీనికి లేదు. అందువల్ల ఆ కొస నుంచి ఆర్‌.ఎన్‌.ఏ.ను తినివేసే ఎంజైములకు ఇది సులభంగా లోనవుతుంది. మైక్రో ఆర్‌.ఎన్‌.ఏ.-122 ఈ కొస సమీపంలో రెండుచోట్ల అతుక్కొని, తొడుగులేని లోటును పూరిస్తుంది. దీనిని తొలగిస్తే వైరస్ ఆర్‌.ఎన్‌.ఏ. గణనీయంగా తగ్గుతుందని 2005లో నిరూపితమైంది. కణంలో సందేశాలను అణచే అణువే వైరస్‌కు కవచమైంది.

4. కణానికి కలిగే నష్టం:
వైరస్ ఆర్‌.ఎన్‌.ఏ. పెరిగేకొద్దీ మైక్రో ఆర్‌.ఎన్‌.ఏ.-122 దానికే అంకితమవుతుంది. 2015లో వెలువడిన పరిశోధన దీనిని నీటిని పీల్చే స్పంజితో పోల్చింది. ఫలితంగా ఆ అణువు అదుపులో ఉండవలసిన కాలేయ జన్యువులు అదుపు తప్పుతాయి. ఈ అణువు పూర్తిగా లోపించిన ఎలుకలలో కాలేయానికి కొవ్వు పట్టడం, కణితులు ఏర్పడడం కనిపించాయి. దీర్ఘకాలిక హెపటైటిస్-సి కాలేయ క్యాన్సర్‌కు దారితీయడంలో ఈ మార్పుకూ పాత్ర ఉండవచ్చన్న ప్రతిపాదనకు ఇదే ఆధారం.

5. చికిత్సలో చిక్కు:
మైక్రో ఆర్‌.ఎన్‌.ఏ.-122ను బంధించే మిరావిర్‌సెన్ అనే ఔషధాన్ని 36 మంది రోగులపై పరీక్షించగా, మోతాదును బట్టి రక్తంలో వైరస్ తగ్గినట్లు 2013లో ప్రకటించారు. అయితే వైరస్‌కు ఆధారమైన ఈ అణువే కాలేయ ఆరోగ్యానికీ అవసరం. దానిని ఎంతకాలం, ఎంతమేరకు నిరోధించవచ్చుననే ప్రశ్న ఇక్కడ తప్పదు. తరువాత వైరస్ ప్రోటీన్లనే నేరుగా అడ్డుకునే ఔషధాలు ప్రధాన చికిత్సగా స్థిరపడ్డాయి.

6. ముగింపు:
వైరస్ సోకడం వల్ల సంకేతరహిత ఆర్‌.ఎన్‌.ఏ. పరిమాణం మాత్రమే మారుతుందనుకోవడం అసమగ్రం. అది ఎక్కడ అతుక్కుంటున్నది, ఏ పనికి దూరమవుతున్నది అనేవి కూడా పరిశీలించాలి. పరిమాణం మారకుండానే ధర్మం తలకిందులు కావచ్చునని హెపటైటిస్-సి నిరూపిస్తున్నది.