శిథిల విమానం – ఆనవాళ్లు

అశోకవనంలోని సీతకు హనుమంతునిపై విశ్వాసాన్ని స్థిరపరచినది శ్రీరాముని అంగుళీయకం. సీతను చూచిన మాట నిజమని రామునికి తెలిపినది చూడామణి. ఇటువంటి వస్తువులను మనం ఆనవాళ్లు అంటాం. తనకు సంబంధించిన మనిషిని తెలియజేయగలగడమే ఆనవాలు లక్షణం. రెండవ ప్రపంచయుద్ధకాలంలో కూలిన విమానాలను గుర్తించే శాస్త్రానికీ ఇదే మూలసూత్రం.

1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించడంతో చైనాకు భూమార్గం మూసుకుపోయింది. అప్పటినుంచి అస్సాంలోని విమానక్షేత్రాల నుండి తూర్పు హిమాలయాల మీదుగా ఇంధనాన్ని, ఆయుధాలను విమానాలలో చైనాకు చేరవేశారు. ఈ మార్గాన్ని వైమానికులు 'హంప్' అన్నారు. మూపురమని దాని అర్థం. 1944 జనవరి 25న చైనాలోని కున్మింగ్ నుండి అస్సాంలోని చబువాకు బయలుదేరిన 'హాట్ యాజ్ హెల్' అనే అమెరికన్ బాంబర్ గమ్యం చేరలేదు. అందులో 8 మంది ఉన్నారు.

2006లో క్లేటన్ కూల్స్ అనే అమెరికన్ పర్వతారోహకుడు స్థానికుల సహాయంతో అరుణాచల్ ప్రదేశ్‌లోని డమ్రో గ్రామ సమీప పర్వతాలలో ఒక విమాన శకలాలను కనుగొన్నాడు. చెల్లాచెదురైన లోహపు ముక్కలను బట్టి అది ఏ విమానమో ఎట్లా నిర్ణయిస్తారు?

ఈ పరిశీలనలో మొదటి మెట్టు ఆకృతి. బి-24 రకం బాంబర్‌కు నాలుగు ఇంజన్లు, తోక చివర రెండు నిలువు రెక్కలు ఉంటాయి. బి-17కు కూడా నాలుగు ఇంజన్లే అయినా తోకపై నిలువు రెక్క ఒక్కటే. బి-17 ఇంజన్‌లో 9 సిలిండర్లు, బి-24 ఇంజన్‌లో 14 సిలిండర్లు ఉంటాయి. అయితే ఇంజన్ ఒక్కటే చాలదు. అదే మార్గంలో ఎగిరిన డకోటా రవాణా విమానానికీ అటువంటి 14 సిలిండర్ల ఇంజన్లే ఉండేవి. సమీపంలో మెషిన్‌గన్ భాగాలు దొరికితే డకోటా అన్న అనుమానం చాలావరకు తొలగుతుంది.

రెండవ మెట్టు సంఖ్య. బి-24 విమానాలు 18 వేలకు పైగా తయారయ్యాయి. ఆకృతి రకాన్ని మాత్రమే తెలుపుతుంది. వ్యక్తిని తెలిపేది వరుససంఖ్య. 'హాట్ యాజ్ హెల్' సంఖ్య 42-73308. ఇందులో 42 అనేది కొనుగోలు మంజూరైన ఆర్థిక సంవత్సరాన్ని సూచిస్తుంది. తోకపై మొదటి అంకెను విడిచి 273308 అని వ్రాయడం నాటి పద్ధతి.

మూడవ మెట్టు పత్రం. విమానం తప్పిపోయినప్పుడు సైన్యం ఒక నివేదిక సిద్ధపరచేది. సిబ్బంది పేర్లతోపాటు ఇంజన్ల సంఖ్యలు, తుపాకుల సంఖ్యలు నమోదు చేసే స్థానం అందులో ఉండేది. కొండపై దొరికిన సంఖ్య ఆ పత్రంలోని సంఖ్యతో సరిపోలినప్పుడు లోహానికి మనుషుల పేర్లు తోడవుతాయి.

డమ్రో శకలాలు 'హాట్ యాజ్ హెల్'వని తేలింది. కాని విమానాన్ని గుర్తించడం వేరు, అందులోని మనిషిని గుర్తించడం వేరు. 2015లో అమెరికా రక్షణశాఖ బృందం అక్కడ తవ్వకాలు జరిపింది. లభించిన అవశేషాలను పరీక్షించి లెఫ్టినెంట్ రాబర్ట్ యూజీన్ ఆక్స్‌ఫర్డ్‌ను గుర్తించారు. 2017లో, మరణించిన 73 సంవత్సరాలకు, ఆయన స్వరాష్ట్రమైన జార్జియాలో అంత్యక్రియలు జరిగాయి.

శిథిలాల నుండి జ్ఞాపకార్థం ఒక చిన్న రేకును తీసుకుపోవడం సామాన్య విషయంగా తోచవచ్చు. సంఖ్య చెక్కిన రేకు అదే అయితే, దానితోపాటు ఎదురుచూచే కుటుంబాలకు అందవలసిన సమాధానం కూడా పోతుంది. కనుక అటువంటి వస్తువు కనిపించినచోట దానిని కదల్చక, అధికారులకు తెలియజేయడమే మన కర్తవ్యం.