ఇంటర్న్ వచ్చేలోపే తేల్చుకోవాల్సినవి

ఇంటర్న్‌షిప్ అంటే చదువు మధ్యలోనో, ముగిశాకనో ఒక సంస్థలో కొంతకాలం పనిచేస్తూ నేర్చుకోవడం. ఒకప్పుడు ఇది ఇంజినీరింగ్, ఎంబీఏ వాళ్ల వ్యవహారం. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళిక మార్చి, పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. దాంతో బీకాం, బీఏ విద్యార్థులు కూడా చిన్న పట్టణాల్లోని ఆఫీసుల గడప తొక్కుతున్నారు. వాళ్లను తీసుకునే సంస్థల్లో చాలావాటికి ఇది కొత్త.

ఏర్పాటు సరిగా లేకపోతే ఏమవుతుందో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం చూపించింది. 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు ఈ పథకంలో పన్నెండు నెలల శిక్షణ, నెలకు రూ.5,000 స్టైపెండ్ (శిక్షణ కాలపు భత్యం) ఉండేవి. తొలి విడతలో కంపెనీలు 82 వేలకు పైగా ఆఫర్లు ఇచ్చాయి. ఒప్పుకున్నవాళ్లు 28 వేల మంది. చేరినవాళ్లు తొమ్మిది వేలు కూడా లేరు. చోటు దూరం, వ్యవధి ఎక్కువ, పని తమకు నప్పదు అన్నవి ప్రధాన కారణాలుగా తేలాయి. ఈ మూడూ మొదటి రోజుకు ముందే తేలిపోయే విషయాలు. ఐదు వేలతో సొంతూరు వదిలి, గది అద్దె కట్టి, భోజనం చేయడం ఎలాగో లెక్క వేసుకున్న కుర్రాడు ఆగిపోవడంలో వింత లేదు.

చేరాక కథ వేరు. జిల్లా కేంద్రంలో ఒక ఆడిటర్ ఆఫీసునే తీసుకుందాం. అక్కడ నెలంతా జీఎస్టీ గడువుల మీద నడుస్తుంది. అమ్మకాల వివరాలు 11వ తేదీలోపు, పన్ను రిటర్ను 20లోపు. ఆ పది రోజులూ ఎవరికీ తలెత్తే తీరిక ఉండదు. సరిగ్గా అప్పుడే విద్యార్థి చేరితే జిరాక్సులు తీయడం, ఫైళ్లు సర్దడమే అతని పని అవుతుంది. తప్పు ఎవరిదీ కాదు, తేదీది. 21న చేర్చుకుంటే నేర్పడానికి సమయం దొరుకుతుంది.

ఏ పని ఇవ్వాలన్నదీ అంతే ముఖ్యం. కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బీతో (సరఫరాదారులు చూపిన బిల్లుల పట్టికతో) సరిపోల్చమనవచ్చు. అందులో కనబడని బిల్లు మీద వ్యాపారికి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలులో కట్టిన పన్ను సర్దుబాటు) రాదు. అందుకే ఇది ఉత్తుత్తి పని కాదు. అయినా తప్పు జరిగితే రిటర్ను వేసేలోపు సీనియర్ పట్టుకోగలడు. కొత్తవాళ్లకు ఇవ్వాల్సింది ఇలాంటి పనే. క్లయింట్ల పాస్‌వర్డులు మాత్రం అతని చేతికి ఇవ్వకూడదు.

నన్నడిగితే, ఎక్కువ ఇంటర్న్‌షిప్‌లు దెబ్బతినేది మెంటార్ (నేర్పే బాధ్యత ఉన్న సీనియర్) దగ్గర. విద్యార్థిని అప్పగిస్తారు గానీ, ఆయన పని రవ్వంత కూడా తగ్గించరు. నేర్పడం అదనపు బరువైనప్పుడు ఎంత మంచివాడైనా, "అలా కూర్చో బాబూ, పిలుస్తాను" అంటాడు. ఆ పిలుపు సాయంత్రమైనా రాదు. అందుకని ఆయన చూసే క్లయింట్లలో ఇద్దరు ముగ్గురిని ముందే వేరొకరికి మార్చాలి. వారానికోసారి అరగంట కూర్చుని, చేసిన పని ముందు పెట్టుకుని మాట్లాడాలి. కాలేజీ అధ్యాపకుడు కూడా నెలకోసారి ఫోన్ చేస్తే ఇబ్బందులు ముందే బయటపడతాయి.

చివరికి మిగిలేది సర్టిఫికెట్. "ఇంటర్న్‌షిప్ విజయవంతంగా పూర్తిచేశారు" అన్న వాక్యం డబ్బు కట్టినా దొరుకుతోంది, కాబట్టి దాని విలువ పడిపోయింది. ఏ బిల్లులు సరిపోల్చాడు, ఏ సాఫ్ట్‌వేర్ వాడాడు, ఎన్ని నెలలు చేశాడు అని రాసిస్తే, రేపు ఉద్యోగమిచ్చే మనిషి దాని మీదే నాలుగు ప్రశ్నలు వేయగలడు. పని చేసినవాడు జవాబు చెప్పగలడు.