మెమరీ కార్డు నిండా పాటలు: 2000ల నాటి ఎంపీ3 ఫోన్లు అసలు ఎలా పనిచేసేవి?

మొన్న సంక్రాంతికి తణుకు వెళ్లినప్పుడు టీవీ స్టాండు సొరుగులో ఓ చిన్న ప్లాస్టిక్ డబ్బా దొరికింది. లోపల గోరంత మైక్రో ఎస్‌డీ కార్డు, 1 జీబీ. "అది ఇంకా ఎందుకురా, పారేయ్" అంది అమ్మ. పారేయలేదు. ఎందుకంటే అది మా బాబాయ్ నోకియా 5300 ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్‌లో ఉన్న కార్డు. బాబాయ్ భీమవరంలో బీటెక్ చదివే రోజుల్లో కొన్నాడు ఆ ఫోన్. ఇంట్లో మొదటి "పాటల ఫోన్" అదే. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు.

ఆ కార్డులో ఏముందో నాకు తెలుసు. హ్యాపీ డేస్, బొమ్మరిల్లు, పోకిరి, కొత్త బంగారు లోకం. ఇంకొకటి కూడా ఉండేది, దాన్ని 2012లో నేనే డిలీట్ చేశాను. దాని సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆ కాలం ఫోన్లలో పాట ఎలా ఉండేదో చూద్దాం. అది తెలియకపోతే చివరిది అర్థం కాదు.

ఒకటి నొక్కితే స

ఎంపీ3 ఫోన్లకి ముందు మా నాన్న దగ్గర నోకియా 1100 ఉండేది. 2003లో వచ్చిన ఈ ఫోన్ ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడైంది. అందులో పాటలు లేవు, కానీ కంపోజర్ ఉండేది. అంటే రింగ్‌టోన్ మనమే తయారు చేసుకోవచ్చు. 1 నుంచి 7 వరకు నంబర్లే స్వరాలు. 8 నొక్కితే స్వరం పొట్టి అవుతుంది, 9 నొక్కితే పొడుగు అవుతుంది. 0 అంటే గ్యాప్. స్టార్ నొక్కితే స్థాయి మారుతుంది, హ్యాష్ నొక్కితే స్వరం అర మెట్టు పెరుగుతుంది.

గమ్మత్తేంటంటే ఆ 1 నుంచి 7 వెస్ట్రన్ సి మేజర్ స్కేలు. కర్ణాటక సంగీతంలో అదే శంకరాభరణం. అంటే హ్యాష్ ముట్టుకోకుండా వరసగా నొక్కుకుంటూ పోతే స రి గ మ ప ద ని వచ్చేసేది. వీణ క్లాసుకి వెళ్లే మా పక్కింటి అక్క సినిమా పాట ఒక్కసారి వింటే చాలు, పేపరు మీద నంబర్లు రాసిచ్చేసేది. మేం ఆ నంబర్లు నోట్‌బుక్ వెనక అట్ట మీద ఎక్కించుకునేవాళ్లం. ఫోన్లో పాట లేదు, నోట్‌బుక్‌లో ఉంది!

వీటిని మోనోఫోనిక్ టోన్లు అంటారు, ఒకసారికి ఒకే స్వరం. తర్వాత పాలీఫోనిక్ వచ్చింది. అదీ రికార్డింగ్ కాదు, మిడి ఫైలు. ఏ వాయిద్యం, ఏ స్వరం, ఎంతసేపు అనే సూచనలు మాత్రమే ఉంటాయి, వాయించేది ఫోన్లోని చిప్. అందుకే ఒకే టోన్ ఒక ఫోన్లో కీబోర్డులా, ఇంకో ఫోన్లో బొమ్మ పియానోలా వినిపించేది.

5 ఎంబీలోకి పాట ఎలా పట్టింది?

అసలు మార్పు ఎంపీ3 ఫోన్లతో వచ్చింది. 2005లో సోనీ ఎరిక్సన్ మొదటి వాక్‌మన్ ఫోన్ డబ్ల్యూ800 వచ్చింది, 2006లో నోకియా 5300. 2007 అక్టోబర్ 2న హ్యాపీ డేస్ రిలీజైంది. మిక్కీ జె మేయర్ పాటలు ప్రతి ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో ఎలా మోగాయో బాబాయ్ ఇప్పటికీ చెప్తుంటాడు. అయితే ఆ పాటల్ని మోసింది సీడీలు, క్యాసెట్లు మాత్రమే కాదు, ఈ గోరంత కార్డులు కూడా.

లెక్క చూడండి. ఆడియో సీడీలో సెకనుకి 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానళ్లు. మొత్తం సెకనుకి 1,411 కిలోబిట్లు. ఐదు నిమిషాల పాట అంటే 50 ఎంబీ పైనే. 1 జీబీ కార్డులో ఇరవై పాటలు కూడా సరిగ్గా పట్టవు. అదే పాట 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే 5 ఎంబీ లోపే. అంటే దాదాపు పదకొండో వంతు. మరి మిగతా పది వంతులు ఏమయ్యాయి?

పారేశారు. నిజంగానే. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మోగుతుంటే పక్కనోడు చెవిలో గొణిగినా వినపడదు కదా. పాటలోనూ అంతే, గట్టి శబ్దం పక్కన, దానికి దగ్గరి ఫ్రీక్వెన్సీలో ఉన్న చిన్న శబ్దాన్ని మన చెవి పట్టించుకోదు. వినపడనిదాన్ని అంత జాగ్రత్తగా దాచడం దేనికి? ఎంపీ3 పాటని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది, ఒక్కో ఫ్రేములో 1,152 శాంపిళ్లు, అంటే సుమారు 26 మిల్లీసెకన్లు. ప్రతి ముక్కలో ఏది వినపడుతుంది, ఏది వినపడదు అని లెక్కేసి, వినపడేవాటికే ఎక్కువ బిట్లు ఇస్తుంది. 128 కేబీపీఎస్‌లో చాలా ఎన్‌కోడర్లు 16 కిలోహెర్ట్జ్ దగ్గర పైభాగాన్ని మొత్తం కోసేసేవి కూడా.

దీనికి మన పాటల్లో ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, దప్పు దగ్గర. నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా దెబ్బ పడితే, ఆ ముక్కలో జరిగిన పొరపాటు ముక్క మొత్తానికీ పరుచుకుంటుంది. అంటే దెబ్బకి ముందు కూడా! దీన్నే ప్రీ-ఎకో అంటారు. "టక్" అనాల్సింది "ష్‌టక్" అంటుంది. తీన్‌మార్ పాటలో తాళాలు నీళ్లలో ముంచి కొట్టినట్టు ఉండేవి గుర్తుందా? దానికీ కారణం బిట్లు చాలకపోవడమే. ఇంకో ఘోరం ఏంటంటే, కార్డులో ఎక్కువ పాటలు పట్టాలని కొంతమంది 64 కేబీపీఎస్‌కి కుదించేవాళ్లు. ఆ ఫైలు ఇంకెవరో తీసుకుని మళ్లీ 128కి మార్చేవాళ్లు. సైజు పెరిగేది, పోయిన సౌండ్ మాత్రం తిరిగొచ్చేది కాదు.

"ఆ రోజుల్లో సౌండే వేరు బాస్" అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఈ కార్డులోని పాటల్ని ఇప్పటి క్వాలిటీతో పక్కపక్కన పెట్టి విన్నాను, పాతవే తేలిపోయాయి. బాగుండేది సౌండ్ కాదు. కార్డులో రెండొందల పాటలే ఉండేవి కాబట్టి ప్రతి పాటనీ అరిగేదాకా విన్నాం, నచ్చనివి కూడా.

20 రూపాయలకి కార్డు ఫుల్

పాటలు ఎక్కించడం ఓ పెద్ద పని. మా వీధి చివర రీఛార్జ్ షాపులో 20 రూపాయలిస్తే కార్డు నింపిచ్చేవాడు. ఏ పాటలు కావాలని అడగడు, ఫోల్డర్ మొత్తం కాపీ కొట్టేస్తాడు. అది పైరసీ అని అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు తెలుసు కాబట్టి దాన్ని గొప్పగా చెప్పుకోను.

ప్లే చేస్తే సింగర్ పేరు ఉండాల్సిన చోట ఏదో వెబ్‌సైట్ పేరు కనిపించేది. దానికి కారణం ఐడీ3 ట్యాగ్. దీని మొదటి వెర్షన్ ఫైలు చివర అతికించిన 128 బైట్ల చీటీ. పాట పేరుకి 30 అక్షరాలు, గాయకుడికి 30, ఆల్బమ్‌కి 30, సంవత్సరానికి 4, కామెంట్‌కి 30, చివర ఒక బైటు ఏ రకం పాటో చెప్పడానికి. తెలుగు లిపికి అందులో చోటే లేదు. ఎవరైనా ఎలాగైనా మార్చుకోవచ్చు కాబట్టి డౌన్‌లోడ్ సైట్లు తమ పేరు రాసుకునేవి. బాలుగారు పాడిన పాటకి కూడా ఆర్టిస్ట్ ఓ డాట్ కామ్! ఈ దెబ్బతో చిన్నప్పుడు మాకు ఎవరు పాడారో తెలియకుండానే వందల పాటలు వచ్చేశాయి.

షాపుకి డబ్బుల్లేకపోతే బ్లూటూత్. అంతకుముందు ఇన్‌ఫ్రారెడ్ ఉండేది, రెండు ఫోన్లని ఎదురెదురుగా పెట్టి కదలకుండా కాపలా కాయాలి. చాలా ఫోన్లలో ఉండే 115 కేబీపీఎస్ వేగంతో 5 ఎంబీ పాటకి ఆరు నిమిషాల పైనే. బ్లూటూత్‌లో ఒకట్రెండు నిమిషాల్లో అయిపోయేది. ఆ రెండు నిమిషాలు పక్కపక్కన కూర్చోవాలి కాబట్టి కబుర్లు కూడా అయ్యేవి.

ఇక నాలుగు స్పీకర్ల చైనా ఫోన్ల గురించి రాయాలంటే ఇంకో ఆర్టికల్ కావాలి. సరైన ఐఎంఈఐ లేని ఫోన్లకి 2009 నవంబర్ 30 అర్ధరాత్రి నుంచి నెట్‌వర్క్ ఆపేయడంతో వాటిలో చాలా వరకు ఉత్త ఎంపీ3 ప్లేయర్లు అయిపోయాయి. ప్రస్తుతానికి ఇంతే.

నేను డిలీట్ చేసింది

2012 వేసవి. బాబాయ్ కొత్త ఫోన్ కొనుక్కుని పాతది నాకిచ్చాడు. గబ్బర్ సింగ్ పాటలు ఎక్కించాలి, కార్డు ఫుల్. ఏం తీయాలి? రికార్డింగ్స్ అనే ఫోల్డర్ కనిపించింది. ఓపెన్ చేసి వినకుండానే కొట్టేశాను. అందులో నానమ్మ పాడిన జోలపాట ఉందని రెండేళ్ల తర్వాత, ఆవిడ పోయాక, బాబాయ్ చెప్పాడు. "ఆ ఫోన్లో అమ్మ పాట ఉండాలిరా, ఓసారి పెట్టు" అన్నాడు. నేను "చూస్తా బాబాయ్" అన్నాను. కొట్టేశానని చెప్పలేకపోయాను. ఫొటోలు బోలెడు ఉన్నాయి, గొంతు ఎక్కడా లేదు.

ఇప్పుడు కార్డు చేతిలో ఉంది. ఫోన్లో పెట్టలేదు. పాత కార్డుని ఆండ్రాయిడ్ ఫోన్లో పెడితే అది వెంటనే తన ఫోల్డర్లు రాసేస్తుంది, లేదా ఫార్మాట్ చేయమంటుంది. మీ దగ్గర ఇలాంటి కార్డులుంటే ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి: కార్డ్ రీడర్‌లో పెట్టి, ముందు డీడీరెస్క్యూ లాంటి టూల్‌తో కార్డు మొత్తాన్ని ఒక ఇమేజ్ ఫైలుగా కాపీ చేయండి. ఆ తర్వాత ఏ ప్రయోగమైనా ఆ కాపీ మీదే. ఫ్లాష్ మెమరీలో డేటా అంటే సెల్స్‌లో బంధించిన ఎలక్ట్రిక్ ఛార్జ్. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి పడుంటే అది మెల్లగా కారిపోతుంది. నా కార్డు చదవగలగడం కొంత అదృష్టమే.

ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌లో డిలీట్ అంటే చెరిపేయడం కాదు. ఫైలు పేరులో మొదటి బైటుని ఈ5 అని మార్చి, ఆ స్థలం ఖాళీ అని రాసుకుంటుంది. డేటా అక్కడే ఉంటుంది, దాని మీద ఇంకోటి రాసేదాకా. (ఇప్పటి ఫోన్లలో ఇది ఆశించకండి. స్టోరేజ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, డిలీట్ చేసిన బ్లాకుల్ని ఫోనే శుభ్రం చేసేస్తుంది.) ఆ నోకియా వాయిస్ రికార్డర్ ఏఎంఆర్ ఫార్మాట్‌లో సేవ్ చేసేది. ఆ ఫైళ్లన్నీ ఒకే అక్షరాలతో మొదలవుతాయి. పైథాన్‌లో పది లైన్లు రాసి ఇమేజ్ మొత్తం వెతికాను. మూడు దొరికాయి. మొదటి రెండూ బాబాయ్ క్లాసులో రికార్డు చేసిన లెక్చర్లు.

మూడోది తెరిచాను. ఈ ఫైల్లో సెకనుకి 50 ఫ్రేములు, ఒక్కోటి 32 బైట్లు, అన్నీ 3సి అనే బైటుతో మొదలవుతాయి. అంటే సెకనుకి 1,600 బైట్లు. కార్డు 16 కేబీ ముక్కలుగా, అంటే క్లస్టర్లుగా, విభజించి ఉంది. ఒక్కో క్లస్టర్‌కి పది సెకన్ల పైచిలుకు. మొదటి క్లస్టర్ బాగుంది. రెండు, మూడు, నాలుగు బాగున్నాయి. అయిదోది మొదలవగానే 3సిలు మాయం. వాటి బదులు ఎఫ్‌ఎఫ్ ఎఫ్‌బి, 417 లేదా 418 బైట్లకోసారి. అది 128 కేబీపీఎస్ ఎంపీ3 ఫ్రేము గుర్తు. గబ్బర్ సింగ్ పాట.

రికార్డింగ్ రెండు నిమిషాలుండేదని బాబాయ్ అంటాడు. నాకు దొరికింది 41 సెకన్లు.

ఏఎంఆర్ అనేది ఫోన్ కాల్స్ కోసం చేసిన కోడెక్. శాంపిళ్లు సెకనుకి 8,000 మాత్రమే. అది మనిషి గొంతు ఎలా పనిచేస్తుందో ముందే ఊహించుకుని, ఆ నమూనాకి ఏం కావాలో అదే దాస్తుంది. అందుకే మధ్యలో వంటింట్లో కుక్కర్ వేసిన విజిల్ గరగరమని ఏదోలా వచ్చింది. నానమ్మ గొంతు మాత్రం స్పష్టంగా ఉంది. మొదటి ఆరు సెకన్లు పాటే కాదు, "ఇది నొక్కావా, నొక్కలేదా?" అని బాబాయ్‌ని అడగడం.

ఫైలు బాబాయ్‌కి వాట్సాప్‌లో పంపి, 2012 సంగతి కూడా రాశాను. వాయిస్ మెసేజ్‌గా పంపితే మళ్లీ కుదిస్తుందని డాక్యుమెంట్‌గా పెట్టాను. బ్లూ టిక్స్ వచ్చిన గంటన్నరకి ఫోన్ చేశాడు. తిట్టలేదు. "అయిదో ముక్క ఇంకోసారి వెతకరా" అన్నాడు.